ప్యూరిన్ల సారు

అర్జున్ రావు సారుకు పళ్లెంలో కూర కనిపించదు, న్యూక్లియోటైడ్లు కనిపిస్తాయి. కోరుట్లలో ముప్ఫై ఏళ్లు జూనియర్ కాలేజీ పిల్లలకు జంతుశాస్త్రం చెప్పి రిటైరయ్యాక, పాఠం వినేవాళ్లు లేక, ఊళ్లోని పెళ్లిళ్ల మీదా దినాల మీదా పడ్డాడు. ఎవరైనా కార్జం ముక్క నోటి దాకా తెచ్చుకునే సరికి పక్కన నిలబడి ఉండేవాడు.

“గది ఒక్క ముక్క అనుకుంటున్నవా? కోట్ల కణాలు. ఒక్కో కణంల డి.ఎన్.ఎ., దాన్నిండ న్యూక్లియోటైడ్లు. అండ్ల ఎ, జి అనేటియి ప్యూరిన్లు. అవి అరిగినంక ఏమైతయి?”

తినేవాడు బిక్కమొహం వేసేవాడు.

“యూరిక్ యాసిడ్ అయితది. ఎక్కువైతే పోయి కాలి బొటనవేలి కీలుల కూసుంటది. మేకకు గీ తిప్పల లేదు. దాన్ని ఇరగ్గొట్టే ఎంజైము మేకకున్నది, మనకు లేదు.”

మేకను ఇంతగా మెచ్చుకునేది కూడా మేక ఉడుకుతున్న గంజు పక్కనే. దొరల ఇంటి మనిషి, పైగా సగం ఊరికి చదువు చెప్పిన సారు, పొమ్మనలేరు. ముందే భోజనం పెట్టి సాగనంపుదామని ఒకసారి చూశారు. సారు కడుపునిండా పెరుగన్నం తిని, చెయ్యి కడుక్కుని, రెండో బంతికి పాఠం మొదలుపెట్టాడు.

ఆయన దగ్గర చదువుకున్న వర్షకు ఇవన్నీ నోటికి వచ్చు. ఆమె కాపురం కోరుట్ల పక్కనున్న ఇబ్రహీంపట్నం దగ్గరి పల్లెలో, భర్త మహిపాల్ పని మస్కట్‌లో. రెండేళ్లకోసారి నలభై రోజుల సెలవు. ఫోన్‌లో రోజూ మాట వినిపించేది గానీ, మనిషి దగ్గు, గడప దగ్గర చెప్పుల చప్పుడు, దండెం మీద తడి తువ్వాల ఫోన్‌లో రావు. వర్షకు వాటి మీదే బెంగ.

తీరా వచ్చాక ఏముంది, దావత్‌లు. గల్ఫ్ నుంచి వచ్చినవాడికి ప్రతి చుట్టమూ ఒక యాటను, మేకనో గొర్రెనో, కోయాలి. కోశాక వాడు పోవాలి. పోకపోతే ఆ ఇల్లు పదేళ్లు అలుగుతుంది. అన్నీ మామిడితోటల్లో, మగవాళ్లకే. పోయినసారి నలభై రోజుల్లో మహిపాల్ ఇంట్లో రాత్రి అన్నం తిన్నది ఆరుసార్లు.

ఈసారి అతను రావడానికి పదిరోజుల ముందు కోరుట్ల అంగట్లో సారు ఎదురై, మహిపాల్ ఎప్పుడొస్తున్నాడని అడిగాడు.

“వచ్చినా ఏం లాభం సార్. అందరికి దొరుకుతడు, నాకే దొరకడు.”

అనేశాక సిగ్గుపడింది. సారు విన్నట్టే లేడు. ఆమె సంచిలోకి తొంగిచూసి, కందిపప్పులో ప్యూరిన్లు ఎన్నో చెప్పి వెళ్లిపోయాడు.

మహిపాల్ దిగిన మూడోరోజుకల్లా సారు స్కూటర్ వాకిట్లో ఉంది. పరాయి దేశం నీళ్లు తాగిన ఒళ్లు, ఒకసారి చూపించుకోవాలని జగిత్యాల తీసుకెళ్లి రక్తపరీక్ష చేయించాడు. రిపోర్టు తానే తెచ్చి, కవరులో పెట్టి, కవరుకు గోందు అంటించి, పాస్‌పోర్టుతో పాటు దాచుకోమన్నాడు. మహిపాల్ రిపోర్టు చదవలేదు, సారు ముఖం చదివాడు. అది గంభీరంగా ఉంది.

మొదటి దావత్ మేనమామ హన్మండ్లుది. రెండు యాటలు. సారు పిలవకుండానే వచ్చి అరగంట చెప్పాడు. మనిషిని నడిపించే ఎ.టి.పి. కూడా న్యూక్లియోటైడేనన్నాడు, కణంలో కబురు మోసేదీ దాని చుట్టమేనన్నాడు, అక్కణ్నుంచి బొటనవేలికి దిగాడు. వాపు, ఎరుపు, దుప్పటి తగిలినా కేక. హన్మండ్లు తన వేలు తడుముకున్నాడు.

“సార్, మా అల్లునికి ఎక్కువున్నదా?”

సారు కళ్లద్దాలు తీసి, మహిపాల్ పాదాల వైపు చాలాసేపు చూసి, నిట్టూర్చాడు.

తెల్లారేసరికి నాలుగు ఊళ్లకు తెలిసిపోయింది. రోగం వస్తే దావత్‌కు పోకపోయినా ఎవరూ అలగరు. కానీ చుట్టాల ప్రేమ ఎటో ఒకవైపు పోవాలి కదా, సొరకాయలయి వచ్చింది. వారంలో ఇరవై మూడు. అత్త ఎల్లవ్వ మంచం కింద పేర్చింది, వాడకట్టుకు పంచింది, మిగిలినవి బర్రెకు వేసింది. నాలుగో రోజుకు బర్రె కూడా ముఖం తిప్పుకుంది.

మహిపాల్ మాత్రం ఇంట్లోనే ఉన్నాడు. వర్ష సొరకాయ కోస్తే గింజలు తీశాడు. పొద్దుగూకేవేళ ఇద్దరూ పసుపు చేనుగట్ల మీద నడిచారు. మాటలన్నీ అయిపోయాక ఊరికే కూర్చున్నారు. ఫోన్‌లో ఊరికే కూర్చోవడం కుదరదు. పక్కగదిలో అతను దగ్గితే వర్షకు సంతోషం, వెంటనే అతని కాలి గురించి భయం.

ఆ భయం తట్టుకోలేకే, ప్రయాణానికి ముందురోజు కవరు చింపింది. చదివి, మళ్లీ చదివి, సారుకు ఫోన్ చేసింది.

“సార్, రిపోర్టు చూసిన. ఐదే ఉన్నది. ఏడు దాక మంచిదే కద.”

“ఎక్కువున్నదని నేనెన్నడన్న అన్ననా?”

వర్ష గుర్తుచేసుకుంది. పాఠంలో సారు ఒక్క అంకె కూడా తప్పు చెప్పలేదు. ఈ అంకె అసలు చెప్పనే లేదు. అంగట్లో తను అన్న మాట ఆయన విన్నాడని ఇప్పుడు తెలిసింది. ఏడుపొస్తుందనుకుంది, నవ్వొచ్చింది.

“మల్ల ఎప్పుడొస్తడు బిడ్డ?”

“రెండేండ్లకు సార్.”

“అప్పటికి హన్మండ్లుకు తెలివొస్తది, ప్యూరిన్లకు భయపడడు. నేనిప్పటిసంది కొలెస్టరాల్ చదువుతున్న.”