రెండు చక్రాల మధ్య చీపురు పుల్ల

నిన్న డ్యూటీ దిగి వస్తుంటే గోదావరిఖని బజారులో ఓ గేరు సైకిలు నన్ను దాటుకుని వెళ్లింది. చైను పళ్ల మీద కుదురుగా కూర్చోక టకటకమంటోంది. ఆ చప్పుడు చెవిన పడితే చాలు, నాకు ఒంట్లో హుషారు పుట్టుకొస్తుంది, మార్తక్క కళ్లముందుకొస్తుంది.

మార్తక్కది మా పక్క క్వార్టరు. ఆమె తండ్రి గనిలో బొగ్గు మోసే బెల్టులకు ఫిట్టరు. ఆయన పోయాక ఆ ఇంటికొచ్చిన ఉద్యోగంలో ఆమె గని ఆఫీసు క్లర్కయింది. నలభైకి దగ్గర పడ్డ మనిషి చున్నీ నడుముకు బిగించి, పాత గేరు సైకిలెక్కి ఆదివారం ప్రార్థనకు పోతుంటే కాలనీ ముక్కున వేలేసుకునేది. ఆమెకు అదేం పట్టేది కాదు. కాలేజీ అయిపోయి ఇంట్లో గోళ్లు గిల్లుకుంటున్న నన్ను సైకిలెక్కించింది ఆమే. పెద్దపల్లిలో ఎవరో మూలన పడేసిన ఇనుప ఫ్రేము గేరు సైకిలు నా కోసం వెతికి పెట్టిందీ ఆమే.

ఏటా మా ఏరియాలో ఆడవాళ్లకు సైకిలు పందెం పెట్టేవారు. మొదట వచ్చిన ఒక్కరినే కొత్తగూడెంలో జరిగే పెద్ద పందేనికి పంపేవారు. మార్తక్క ఎప్పుడూ రెండోదిగానే మిగిలిపోయేది. నలభై దాటితే పేరు రాసుకోరు కనుక ఆమెకు ఆ ఏడే ఆఖరు. కొత్తగూడెం పోవాలని ఆమెకెంత ఆశో నాకు తెలుసు. ఎందుకంటే నాకూ అంతే ఆశ. రోజూ కలిసి తొక్కేవాళ్లం, పందెం నాడు మాత్రం ఎవరి కాళ్లు వాళ్లవే అనుకున్నాం.

సరిగ్గా ముందురోజు పొద్దున, కాలనీలో తిరిగే ఎద్దు మా గోడకు ఒళ్లు రుద్దుకుంటూ నా సైకిలును గేరున్న వైపే పడదోసింది. లేపి తొక్కి చూస్తే చైను ఓ పన్ను మీద నిలవదు. ఎత్తెక్కేటప్పుడు వేసే పెద్ద పళ్ల చక్రం మీదికి మారిస్తే గేరు ఏకంగా చక్రం పుల్లల్ని, అంటే స్పోకుల్ని, గీరుతోంది. అలాగే తొక్కితే గేరూ పుల్లలూ కలిసి ముక్కలవుతాయి. నేను స్క్రూడ్రైవరు పట్టుకుని గేరు స్క్రూలు అటు తిప్పాను, ఇటు తిప్పాను. ఒకచోట కుదిరితే ఇంకోచోట చెడింది. నాకు ఏడుపే తక్కువ.

నా తిట్లు గోడ అవతలికి వినబడ్డట్టున్నాయి, మార్తక్క వచ్చింది. సైకిలు వెనక గొంతుక్కూర్చుని ఒంటికన్ను మూసి చూసింది.

"స్క్రూలు ఇడ్శిపెట్టు. బెల్టు పక్కకు పోతుందని రోలర్లు తిప్పుకుంట కూసుంటే షిఫ్టు అయిపోతది గని బెల్టు సీదా గాదనెటోడు మా నాయిన. ముందుగాల అది దేన్ని పట్టుకోని ఉన్నదో సూడాలె."

గేరు వేలాడేది వెనక ఇరుసు పక్కనున్న చిన్న ఇనుప ముక్కకు. దాన్నే హ్యాంగర్ అంటారు. అది లోపలికి వంగిపోయింది. మార్తక్క వెళ్లి తన సైకిలు వెనక చక్రం ఊడదీసుకొచ్చింది. నా గేరు విప్పి, హ్యాంగర్‌లో గేరు బిగించే బొక్కలోకి తన చక్రం ఇరుసును స్క్రూలా తిప్పి బిగించింది. ఇప్పుడు నా చక్రం పక్కనే ఆమె చక్రం. హ్యాంగర్ సీదాగా ఉంటే రెండు రిమ్ముల మధ్య సందు అన్ని వైపులా ఒకేలా ఉండాలి. చీపురు పుల్ల ఒకటి తుంచి కొలిస్తే పైన వదులు, కింద అసలు దూరలేదు.

అప్పుడుగానీ నాకు తట్టలేదు. రేపు నువ్వూ పందెంలో ఉన్నావు కదా అక్కా, అన్నాను.

"ఉన్న. నీ గేరు ఇరిగి నేను గెలిస్తే, ఓడింది గేరైతది, నువ్వు గాదు. గా గెలుపు నాకెందుకే? పట్టు, నువ్వే వంచు. జర జర, ఒక్కపారే గుంజకు."

పాత ఇనుము, విరిగితే అంతే సంగతులు. ఆమె చక్రాన్ని రెండు చేతులా పట్టుకుని మెల్లగా లాగాను. పుల్లతో కొలిచాం. మళ్లీ లాగాను. చివరికి పుల్ల పైనా కిందా, ముందూ వెనకా ఒకే బిగువుతో దూరింది. గేరు బిగించి, నేను చెడగొట్టిన స్క్రూలు సరిచేసి పెడల్ తిప్పితే చైను ఒక్కో పన్నూ ఎక్కుతూ దిగుతూ గలగలా పోయింది. ఆనందం పట్టలేక మార్తక్కను ఎత్తేయబోయాను.

మర్నాడు గోదావరి వంతెన ఎక్కే ఎత్తు దాకా ఆమే ముందు. ఊరికే వదిలే మనిషి కాదు, ప్రాణం పెట్టి తొక్కింది. పక్కకు చేరాను గానీ గేరు మళ్లీ చక్రం పుల్లల్లో పడుతుందేమోనని మార్చడానికి నాకు చెయ్యి రాలేదు. తల తిప్పి చూసింది.

"మార్చు! ఏం గాదు, మార్చు!"

మార్చాను. చైను చప్పుడు లేకుండా పెద్ద పళ్ల మీదికెక్కింది. నేను మార్తక్కను దాటేశాను.

గీత దాటి రొప్పుతూ నిలబడితే ఆమె వచ్చి, నా మొహం కంటే ముందు వంగి నా గేరును చూసింది. పుల్లలకు ఎక్కడా గీత పడలేదు. భుజం మీద చరిచి నవ్వింది.

"నాకు ఏడుపొస్తుంది. గీడనే ఉండు, జర ఏడ్శి వస్త. వచ్చినంక చాయ్ తాగుదం," అని గోడ చాటుకు పోయింది. నిజంగానే ఏడ్చింది, నిజంగానే తిరిగొచ్చింది. చాయ్ తాగుతూ కొత్తగూడెం రోడ్డు గురించి తనకు తెలిసిందంతా చెప్పింది.

నేను ఆస్పత్రి మందుల గదిలో చేస్తాను. పోయిన నెల నాకంటే చిన్నదానికి నా పైపోస్టు ఇచ్చారు. ఓర్చుకునేంత గొప్పదాన్నేం కాదు, బాత్రూములో తలుపేసుకుని బాగా ఏడ్చాను. తర్వాత మొహం కడుక్కుని వెళ్లి, రా చెల్లీ అని, ఏ మందు ఏ అరలో ఉంటుందో ఆ పిల్లకు ఒక్కొక్కటీ చూపించాను.