బొడ్డు మచ్చ ఆరని సొరలు

మొన్న సోమందేపల్లె సంతలో ఎండు చేపల వాసన తగలగానే, తమ్ముడు పుట్టినప్పుడు అమ్మ పడుకున్న వంటింటి మూల కళ్ళ ముందుకొచ్చింది. మన ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, బాలింతకు పాలు పడాలని ఎండు సొరచేప పెట్టేవాళ్ళు. అవ్వ దాన్ని వేడినీళ్ళలో నానబెట్టి, తోలు గీకి, వెల్లుల్లి దండిగా వేసి పొడికూర చేసేది. నానబెట్టకముందే ఆ గరుకు తోలు మీద మేము బలపాలు అరగదీసుకునేవాళ్ళం. ఒక్కో ముక్క అవ్వ మోచెయ్యంత ఉండేది.

ఇప్పుడు నా మనవరాలు బాలింత. పాలు చాలక బిడ్డ ఒకటే ఏడుపు. ఆ దిగులుతోనే సంతకు పోయాను. చేపలామె గోనెపట్ట మీద పరిచినవి ముక్కలు కావు, జానెడు కూడా లేని సొరలు.

"ఏందమ్మే ఇవి? పెద్ద ముక్కలు లేవా?"

"పెద్దవి యాడుండాయవ్వా? సముద్రమంతా వలలేసి ఊడ్చేసినారంట. ఇవి పిల్లలు."

"పిల్లల్నే పట్టేస్తే మళ్ళా పెద్దవి యాడ్నుంచి వస్తాయే?"

"నన్నడిగితే? నేనేమన్నా సముద్రం చూసినానా?"

నేనూ చూడలేదు. మన బోర్లు ఎండినట్టు సముద్రమూ వట్టిపోతుందని ఎన్నడూ అనుకోలేదు. చేతిలోకి తీసుకున్నదాని కడుపు కింద, బొడ్డు ఊడినచోట సన్నని మచ్చ ఉంది. సొర మనలాగే పిల్లను కంటుందని అవ్వ చెప్పేది. వదిలేసి రావాలనిపించింది. బిడ్డ ఏడుపు తలచుకుని కొన్నాను.

వండి మనవరాలికి పెట్టాను. మచ్చ సంగతి చెప్పలేదు. పాలు ఇంకా పడలేదు. వచ్చే సంతకు పోయి మళ్ళీ అవే తేవాలి.