1902లో రిటైరైన అటెండర్

రెండేళ్ల క్రితం వేసవిలో, తార్నాక దగ్గరి ఒక యూనివర్సిటీలో కాంట్రాక్టు ప్రోగ్రామర్‌గా చేరాను. ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్, అంటే ఉద్యోగుల సర్వీసు వివరాలు చూసే చోటు. కాంట్రాక్టు ముగిసింది కాబట్టి, నా వయసుకి పెద్ద మాటే అయినా, ఆ కొలువు నుంచి రిటైరైనట్టే.

చేరిన నెలలోనే కెమిస్ట్రీ ల్యాబ్ అటెండర్ యాదగిరన్నను పర్మనెంట్ చేసే ఫైలు వచ్చింది. శుక్రవారం రిజిస్ట్రార్ సంతకాలు. ఆలోగా వివరాలు కంప్యూటర్‌లో ఎక్కకపోతే ఫైలు వెనక్కి పోతుంది, మళ్లీ ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. పుట్టిన తేదీ 1977 జూన్ 10 అని కొట్టాను. కంప్యూటర్ రిటైర్మెంటు 1902 మే అని చూపించి, 'ఇప్పటికే పదవీ విరమణ చేశారు' అంటూ ఆగిపోయింది.

యాదగిరన్న కౌంటర్ మీంచి తొంగిచూశాడు. "ఏంది మేడం, పుట్టకముందే రిటైరయిన్నా? మా తాత నౌకరి గిట్ల నా పేరు మీద ఎక్కిందా?"

ఆ పాత సాఫ్ట్‌వేర్ ప్రతి తేదీని 1970 జనవరి ఒకటి నుంచి లెక్కించిన సెకన్లుగా దాచేది. ఆ అంకెకిచ్చిన చోటు 2038 జనవరి 19న నిండిపోతుంది. ఆపైన, స్కూటర్ మీటరు చివరి అంకె దాటి మొదటికొచ్చినట్టు, 1901 డిసెంబరుకి వెళ్లిపోతుంది. యాదగిరన్న అరవై ఒకటి నిండి, నెలాఖరున రిటైరయ్యేది 2038 జూన్‌లో. ఏళ్లుగా కొత్త నియామకాలు లేక, అంత దూరపు తేదీ అందులో ఎప్పుడూ పడలేదు.

మా సెక్షన్ సూపరింటెండెంట్ సార్ దగ్గర మందు రెడీగా ఉంది. "1976 డిసెంబర్ అని పెట్టు. మెషిన్ తీసుకుంటది."

"అట్లెట్ల పెడ్తం సార్?"

"ఆ జూన్ పది అసలు తేదేమన్ననా? బడి తెరిచేది జూన్‌ల. ఐదేండ్లు నిండినయని బడి సారు అందరికి జూనే రాసేటోడు. నాది గూడ జూనే."

సిటీలో పెరిగిన నాకు ఆ సంగతి కొత్త. కానీ ఆ మందుతో యాదగిరన్న సర్వీసు ఆర్నెల్లు తగ్గుతుంది. చేతిలోని ఫోన్ ఊపుతూ, సెక్షనంతా తిరిగి చూసేలా అరిచాను. "మెషిన్ల పట్టలేదని మనిషి నౌకరి కోస్తరా?"

"అరిస్తే పనైతదా బిడ్డా? ముందుగాల ఆ ఫోన్ పక్కన పెట్టు."

పెట్టలేదు. క్యాలెండర్ తెరిచి, ముందుకు జరిపి, ఆయన ముందుంచాను. "2038 జూన్ పది, గురువారం. నా ఫోన్‌కి తెలుసు సార్. మన ప్రోగ్రామ్‌కే తెల్వదు."

అప్పుడు యాదగిరన్న అన్నాడు: "బడి సారు రాసింది అబద్ధమే. మా అమ్మ బతుకమ్మ నాడు పుట్టిన్నంటది. గని గా అబద్ధం మీదనే టెన్త్ సర్టిఫికెట్, ఆధార్ అన్నీ ఉన్నయ్. ఇంకో అబద్ధం నాతోని కాదు సార్."

సూపరింటెండెంట్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "గురువారం దాకా టైం. కాకపోతే డిసెంబరే."

ముందు మొత్తం డేటాకి నకలు తీశాను. ఆ నకలు మీదే, సెకన్ల బదులు సంవత్సరం, నెల, రోజు విడివిడిగా దాచేలా మార్చాను. పాత ఉద్యోగుల తేదీలు ఒక్కటీ కదలలేదని సరిచూశాకే అసలు దాంట్లో పెట్టాను. గురువారం మధ్యాహ్నం యాదగిరన్న వివరాలు మళ్లీ కొట్టాను: రిటైర్మెంటు 2038 జూన్ 30.

సూపరింటెండెంట్ దగ్గరికొచ్చి మెల్లగా అన్నారు: "నా తేదీ కదలలేదు గద, నాది గూడ ఒకసారి కొట్టి చూడు."

శుక్రవారం సంతకాలయ్యాయి.

తేదీ ప్రోగ్రామ్‌లో పట్టకపోతే మార్చాల్సింది ప్రోగ్రామ్‌నే. కోపం ఆ మాట అనడానికి పనికొచ్చింది, పని మాత్రం నెమ్మదిగా సరిచూసుకుంటేనే అయింది. ఇప్పుడు ఏ కొత్త సాఫ్ట్‌వేర్ చేతికొచ్చినా నేను మొదట కొట్టి చూసే తేదీ 2038 జూన్ 30.