ఒకే దిక్కు చూసే హంసలు

ఆరో తరగతిని నేను వదల్లేదు. అదే నన్ను రెండేళ్లు భరించి, మూడో ఏడు చేతులెత్తేసింది. అలా బడిలోంచి నేరుగా మగ్గంలోకి దిగినవాణ్ణి, ఈమధ్య ఊళ్లు చూడ్డానికి వచ్చేవాళ్ల చెవులకు దిద్దులు చేసే పనిలో పడ్డాను.

మేము ఉండేది మరాఠీ మాట్లాడే ఊళ్లో, కుంఠా నాకా దగ్గర. గోడకు వేలాడదీసే బొమ్మల తెరలు నేయడం నా పని. వాటిని అడిగేవాళ్లు తగ్గిపోయారు. ఈలోగా, గుహల దగ్గర యాత్రికులకు సామాను అమ్మే ఒక దుకాణదారు వచ్చాడు. పాత గుహ చిత్రంలోని హంసను పట్టుదారంతో పెద్ద గుండీ అంత నేసి, ఇత్తడి చట్రంలో బిగించి ఇమ్మన్నాడు. ముందు నలభై జతల దిద్దులు. నచ్చితే ఏడాది పొడుగునా పని.

ఆ మాట నమ్మి నా భార్య మూడు వారాలుగా బీడీలు చుట్టడం మానేసి నాతో కూర్చుంది. చట్రాలు బిగించేది ఆమే. ఇంకో వారం రాకపోతే పనివాళ్ల కార్డు మీద పేరు కొట్టేస్తామని బీడీ కార్ఖానా నుంచి కబురొచ్చింది.

దుకాణదారు మధ్యాహ్నం వస్తాడనగా, పొద్దున ఆమె ఒక జత చెవులకు పెట్టుకుని అద్దం ముందు నిలబడింది.

"ఏందయ్యా ఇది? ఒక హంస నా మొకం చూస్తుంది. ఇంకోటి కొంతం చౌక్ దిక్కు చూస్తుంది!"

తెర అంచు మీద హంసలన్నీ ఒకదాని వెనక ఒకటి ఒకే వైపు నడుస్తాయి. ఇన్నేళ్లూ అలాగే నేశాను. చెవులు రెండనీ, మధ్యలో మొహం ఒకటుంటుందనీ తట్టనే లేదు.

"దుకాణపాయనకు ఒకటి అలిగిందని చెప్త."

"అలిగేటిది నేను. నా కార్డు పోతది, సమజైతుందా?"

కొత్తవి నేసే వేళ లేదు. ఒక చట్రం ఊడదీసి, నేత ముక్కను తిరగేశాను. వెనకవైపు అదే హంస ఎదురు దిక్కుకు తిరిగి ఉంది! కాకపోతే ఒంటినిండా దారపు కొసలు, సగం ఈకలు పీకిన కోడిలాగా. ఆమె బీడీ ఆకు కత్తిరించే కత్తెర తెచ్చింది. జతలో ఒకదాన్ని నేను విప్పడం, ఆమె కొసలు కత్తిరించి తిప్పి బిగించడం. కొస తెగినప్పుడల్లా నేత కూడా ఊడిపోతుందేమోనని ప్రాణం పోయినంత పనయ్యేది. అంతసేపు నేను నోరు మూసుకున్నానంటే మా వీధిలో ఇప్పటికీ నమ్మరు.

ఇంకా ఏడు జతలు మిగిలి ఉండగానే దుకాణదారు గుమ్మంలోకి వచ్చాడు. బాగుచేసిన జతను వెలుతురుకు పట్టి, గోటితో గీకి చూశాడు. బాగుచేయనిది తీసి దాని పక్కన పెట్టాడు.

"యే చలేగా, వో నహీ" అన్నాడు చివరికి, బాగుచేసిన జతను జేబులో వేసుకుని, రెండోదాన్ని నా వైపు తోస్తూ. "బాకీ ఏడు కూడా ఇట్లనే చేసి పంపు. వచ్చే నెల వంద జతలు కావాలె."

ఆయన సందు మలుపు తిరగగానే నేను మీసం దువ్వాను.

"చూసినవా నా దిమాగ్? వంద జతలు! ఇగ ఆ కార్డు వాపస్ ఇచ్చెయ్యే."

ఆమె బీడీలు చుట్టే చాట దులిపి గోడకు ఆనించి, చెప్పులేసుకుంది.

"ఆకు తెచ్చుకోను పోతున్న. నలభై జతలు నేసినంక గాని హంస ఎటు చూడాల్నో నీకు తెల్వలే. బీడీ మొకం ఎటుందని ఇంతవరకు నన్ను ఎవ్వడడుగలే."