జలపాతంగారి ఎడమవైపు

రాజధాని బస్టాండు పక్కనున్న పర్యాటక కౌంటర్లో ఇరవై ఆరేళ్ళుగా కూర్చున్న ఆయన్ని ఆఫీసంతా జలపాతంగారనే పిలుస్తుంది. సిటీ దాటి అడవిలో జలపాతం చూద్దామనుకున్న ప్రతివాడికీ దారి చెప్పేది ఆయనే. జలగలు పట్టకుండా కాళ్ళకి ఉప్పు రాసుకోమంటాడు. మధ్యాహ్నం రెండు దాటితే వాన ఖాయమంటాడు. "బస్సు దిగి నలభై నిమిషాలు నడవండి. దారి రెండుగా చీలుతుంది. ఎడమవైపు తిరగండి. అంతే, చప్పుడు మీకే వినబడుతుంది!" అని కళ్ళు సగం మూసి మరీ చెబుతాడు. వినేవాళ్ళకి అక్కడే ఒళ్ళు తడిసినంత పనవుతుంది.

ఇంతా చేస్తే, మహానుభావుడు ఆ అడవి మొహం ఒక్కసారైనా చూసిన పాపాన పోలేదు. ఇంట్లో బొద్దింక కనబడితే కుర్చీ ఎక్కే రకం. ఉద్యోగంలో చేరిన రోజున పాత గుమాస్తా బల్లకి అవతలపక్క కూర్చుని చేతులూపుతూ చెప్పిందంతా బుర్రకెక్కించుకున్నాడు. తర్వాత తనవి నాలుగు కలిపాడు. ఆ కలిపినవే ఎక్కువ బాగున్నాయని ఆయన నమ్మకం.

ఆఫీసుతో ఆగి ఉంటే గొడవే లేదు. పెళ్ళికి ముందు, కాబోయే భార్యతో మొదటిసారి మాట్లాడుతూ, "నాలుగుసార్లు వెళ్ళానండీ ఆ జలపాతానికి" అని ఒక కోత కోశాడు. ఆవిడ కళ్ళు పెద్దవి చేసుకుని, "నన్నూ తీసుకెళ్తారా?" అంది. అడిగినప్పుడల్లా ఒక ఏడు వానలన్నాడు, ఒక ఏడు పిల్ల పరీక్షలన్నాడు. పిల్లకి ఉద్యోగం వచ్చాక కూడా పరీక్షలే అన్నాడు, సిగ్గులేకుండా. చివరికి ఆ పిల్లే చెప్పాపెట్టకుండా రెండు బస్సు టికెట్లు కొని తల్లి చేతిలో పెట్టింది. ఆయనకి ఈ వయసులో బండారం బయటపడితే ఆవిడ ఇంక తన మాట నమ్ముతుందా అని బస్సెక్కినప్పటినుంచీ ఒకటే గుబులు.

అడవి చూసి నోరెళ్ళబెట్టాడు. చెట్ల మీద నాచు, నాచు మీద మళ్ళీ మొక్కలు, ఆకు ఆకునుంచీ నీళ్ళు. నాలుగుసార్లు చూసినవాడు నోరెళ్ళబెట్టకూడదని గుర్తొచ్చి టక్కున మూసుకున్నాడు. భార్య ఆయాసపడుతూ వెనక వస్తోంది. దారి చీలింది. "ఎడమవైపు," అన్నాడు, సొంత పెరట్లో తిరుగుతున్నట్టు.

పావుగంట నడిచినా చప్పుడు లేదు. రేకుల పాకలో ఒక టీ కొట్టు, ఆరు ప్లాస్టిక్ కుర్చీలు మాత్రం కనబడ్డాయి.

"జలపాతానికేనా?" అంది కొట్టు ఆవిడ గ్లాసులు కడుగుతూ. "కుడివైపు వెళ్ళాలమ్మా. మీరేం మొదటివాళ్ళు కాదులెండి, సిటీవాళ్ళంతా ఇటే వస్తారు. అక్కడ కౌంటర్లో ఎవరో పెద్దాయన ఇటే పంపిస్తాడట. ఆయన పుణ్యమా అని పదేళ్ళుగా నా కొట్టు నడుస్తోంది. ఎప్పుడైనా కనబడితే చేతులెత్తి మొక్కుతాను!"

అప్పుడు వెలిగింది ఆయనకి. ఎదురుగా కూర్చుని గుమాస్తా చూపించిన కుడిచెయ్యి తనకి ఎడమవైపు కనబడింది! ఇన్నేళ్ళుగా ఎంతమంది ముసలివాళ్ళని, చంటిపిల్లల తల్లుల్ని ఈ బురదలో నడిపించాడో! తలెత్తుకోలేకపోయాడు.

భార్య ఆయన వంకే చూస్తోంది. "దారి మార్చేసినట్టున్నారు..." అని నీళ్ళు నమిలాడు. ఇంకాస్త బుకాయిద్దామనుకున్నాడు గానీ, బురద కొట్టుకున్న ఆవిడ పాదాలు చూస్తే మనసొప్పలేదు.

"నేనెప్పుడూ రాలేదే," అన్నాడు. "ఒక్కసారి కూడా."

ఆవిడ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. టీ తాగేసి, దారి కొట్టు ఆవిడనే అడిగి తెలుసుకుని ముందు నడిచింది.

కుడివైపు దారి చివర చప్పుడు గట్టిగానే వినబడింది. కాకపోతే పైకి నూట ఎనభై మెట్లు. కౌంటరు వర్ణనలో మెట్లే లేవు! ఆవిడ పది మెట్లెక్కి, మోకాలు పట్టుకుని కూలబడిపోయింది.

"రాలేదని అప్పుడే చెప్పి ఉంటే ఇద్దరం కలిసి చూసేవాళ్ళం కదండీ," అంది. "అప్పుడు ఈ మెట్లు పరుగెత్తి ఎక్కేదాన్ని."

ఆయనకి ఏడుపొచ్చింది. "నేనూ చూడను. పద, వెళ్ళిపోదాం."

"చాల్లెండి సంబడం. వెళ్ళి చూసి రండి. వచ్చి నాకు చెప్పండి. చూసిందే చెప్పండి."

గంట తర్వాత తడిసి ముద్దయి దిగొచ్చాడు. ఆవిడ పక్కన కూర్చుని, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక మొహం తుడుచుకున్నాడు.

"పెద్ద ఎత్తేం లేదే," అన్నాడు. "నీళ్ళు కూడా తెల్లగా లేవు. ఎర్రగా, డికాషన్‌లా ఉన్నాయి."

"ఊఁ," అంది ఆవిడ, కాస్త దగ్గరికి జరిగి. "ఇంకా?"