నోరు లేని బాయి

డెబ్బైల్లో ఒక చలికాలం పొద్దున, రామగుండం స్టేషన్ దగ్గర గోదావరిఖని బస్సెక్కాను. నా ఒళ్ళో సైన్సు పత్రిక, అందులో కృష్ణబిలం బొమ్మ. పక్కసీట్లో డ్యూటీకి పోతున్న గని కార్మికుడు రేగిపండ్లు తింటూ తొంగిచూశాడు.

“ఏంది తమ్మీ గది?”

“ఆకాశంల బాయి కాకా. అండ్ల పడితే వెలుగు గూడ బయటికి రాదు.”

“మరి నోరు ఏ దిక్కున్నది? నోరు లేని బాయి ఉంటదా?”

ఆయన రోజూ దిగే బొగ్గుబాయికి నోరుంది, లోతుంది. కాలేజీలో నేనీ సంగతి ఎవరికి చెప్పబోయినా నవ్వేవాళ్ళు. తడబడుతూనే ఆయన చేతిలోని రేగిపండు చూపించాను.

“గిట్ల గుండ్రంగ ఉంటది కాకా. ఎటుకెల్లి పోయినా నోరే. మన భూమినంతా నొక్కి బిలం చేస్తే గింతే అయితది.”

ఆయన పండును అన్నివైపులా తిప్పి చూశాడు. చటుక్కున లేచి, దాన్ని పైకెత్తి బస్సంతా వినబడేలా కేకేశాడు.

“ఇగో చూడుండ్రి! మన బాయిలు, గోదారి, మనమందరం గిండ్లనే ఇముడుతమట! తమ్మి చెప్పిండు, నాకు సమజైంది!”

బస్సులో ఈలలు మోగాయి. డ్రైవరు హారన్ కొట్టాడు.

తర్వాత మాస్టరునయ్యాను. ఏ తరగతిలో అడుగుపెట్టినా, ఆ పండు నా అరచేతిలో పెట్టి, జాగ్రత్త చెప్పి దిగిపోతూ ఆయనన్న మాటే వినబడేది.

“పైలం తమ్మీ, చేతిల దునియా ఉన్నది.”