పదో గొట్టం మూగబోయిన రోజు

1998లో బళ్లారికి దగ్గరలో ఒక స్పాంజ్ ఐరన్ కర్మాగారంలో సిస్టమ్స్ ఇంజినీరుగా చేరాను. కంట్రోల్ రూమ్ తెరమీదికి వచ్చే హెచ్చరికల బాధ్యత నాది. ప్రతి హెచ్చరికకూ ఒక పేరుండేది. పెద్దదాని నుంచి చిన్నదానికి దిగుతూ, మధ్యలో చుక్కలు పెట్టిన పేరు: "కొలిమి.గ్యాస్.1.లీక్" అన్నట్టు. అంటే కొలిమి దగ్గరి పన్నెండు గ్యాసు గొట్టాల్లో ఒకటోది కారుతోందని. ఊరు, వీధి, ఇంటి నంబరు వరుసగా రాసినట్టే.

మరమ్మతులో ఉన్న గొట్టం హెచ్చరికలు ఊరికే మోగి ఆపరేటర్లను విసిగించేవి. వాటిని ఆపడానికి పెర్ల్ అనే కంప్యూటరు భాషలో చిన్న ప్రోగ్రాం రాశాను. ఒక నమూనా ఇస్తే దానికి సరిపోయే పేర్లన్నిటినీ అది పట్టుకునేది. నమూనాలో ఉత్త చుక్కకు "ఏ అక్షరమైనా సరే" అని అర్థం. అసలైన చుక్కే కావాలంటే ముందు వాలుగీత పెట్టాలి. ఆ గీతలు మరవనందుకు నాకు గర్వంగా ఉండేది.

ఒకటో గొట్టం మరమ్మతుకు ఇచ్చిన రోజు పొద్దున "కొలిమి.గ్యాస్.1" వరకు నమూనా రాశాను. ఒకటో గొట్టం సద్దుమణిగిందని చూసుకుని లేచాను. ఆ ఒకటి వెంటనే మరో చుక్క ఉండాలని రాయలేదు. దాంతో 1తోనే మొదలయ్యే 10, 11, 12 గొట్టాలు కూడా మూగబోయాయి.

మధ్యాహ్నం షిఫ్టులో ఈరన్న ఉన్నాడు. సిరుగుప్ప మనిషి, నాకంటే పదేళ్లు పెద్ద, ఆపరేటర్లలో సీనియరు.

"సార్, పదోది పొద్దున్నుంచి నోరు తెరవల్యా. దినామూ నాలుగుసార్లన్నా గొణుగుతాది. ఏందో తేడా ఉండాది," అన్నాడు పొద్దుటి షిఫ్టు రిజిస్టరు చూసి.

"మోగితే కష్టం, మోగకున్నా కష్టమేనా ఈరన్నా?" అన్నాను.

షిఫ్ట్ ఇన్‌చార్జి నవ్వాడు. "అలారం ల్యాకుంటే ఈయప్పకు టీ కూడా దిగదు సార్."

"నవ్వండప్పా, నవ్వండి. నేనే పొయ్యి చూసొస్తా," అని ఈరన్న వెళ్లాడు.

గ్యాసు వైపు ఎప్పుడు వెళ్లినా మాస్కు పెట్టుకోవాలి, ఇద్దరు కలిసి వెళ్లాలి. అది నియమం. తెరమీద హెచ్చరిక లేకుంటే ఎవరూ పాటించరు. అది అలవాటు. ఆ గ్యాసు విషం, దానికి వాసన ఉండదు. పదో గొట్టం కింద పడి ఉన్న ఈరన్నను ఫిట్టర్లు మోసుకొచ్చారు.

ఆయన్ను ఆసుపత్రికి పంపగానే నేను కంప్యూటరు ముందు కూర్చుని నమూనా చివర వాలుగీత, చుక్క చేర్చాను. నిమిషం పట్టలేదు. ఎవరికీ చెప్పలేదు.

మూడో రోజు ఆసుపత్రికి వెళ్లాను. నన్ను చూడగానే ఈరన్న లేచి కూర్చున్నాడు. "సార్, పదోది నిజంగానే మోగల్యా? మోగింటే నేనే చూల్యాకపోయినానా?" అని అడిగాడు.

"ఇప్పుడవన్నీ ఎందుకు, పడుకో," అన్నాను.

మాస్కు లేకుండా ఒంటరిగా వెళ్లాడని విచారణలో తేల్చారు. హెచ్చరిక ఎందుకు రాలేదని నన్నెవరూ అడగలేదు. ఈరన్నకు మెమో ఇచ్చి, కంట్రోల్ రూమ్ నుంచి స్టోర్సుకు మార్చారు. హెచ్చరిక వచ్చే ఉంటుందని, తన చూపే తప్పిందని ఆయన అక్కడివాళ్లతో అనేవాడట.

ఆగాల్సిన పేర్లు ఆగాయా అని చూస్తే చాలదు. ఆగకూడని పేర్లను కూడా రాసుకుని, వాటితోనూ నమూనాను పరీక్షించాలి. నా కింద పనిచేసిన వారందరికీ ఇది నేర్పాను. హెచ్చరికను ఆపింది నేనని మాత్రం ఈరన్నకు చెప్పలేదు. ఆ సంగతి తెలిసినవాణ్ని నేనొక్కణ్నే.